మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్

మార్జరీ స్టోన్‌మన్ డగ్లస్ (ఏప్రిల్ 7, 1890 – మే 14, 1998) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ రచయిత్రి, పాత్రికేయురాలు, పర్యావరణ ఉద్యమకారిణి. ఫ్లోరిడా రాష్ట్రపు దక్షిణ భాగంలో విస్తరించి ఉన్న ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల పరిరక్షణకు ఈమె జీవితంలో అధిక భాగాన్ని వెచ్చించింది. 1947లో వెలువడిన ఈమె గ్రంథం "ది ఎవర్‌గ్లేడ్స్: రివర్ ఆఫ్ గ్రాస్" (ఎవర్‌గ్లేడ్స్: గడ్డి నది) ఆ ప్రాంతాన్ని గురించి ప్రజలకున్న అభిప్రాయాన్ని సమూలంగా మార్చివేసింది. అయితే గ్రంథానికి పేరు వచ్చినంత మాత్రాన నీటికి రక్షణ కలుగలేదు. ఆ సంగతి గుర్తించిన డగ్లస్ 79 ఏళ్ళ వయసులో సామాన్య పౌరులను సభ్యులుగా చేర్చుకొని "ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎవర్‌గ్లేడ్స్" (ఎవర్‌గ్లేడ్స్ మిత్రులు) అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించింది. తరువాత దాదాపు మూడు దశాబ్దాల పాటు ఆ ఉద్యమానికి ప్రధాన ప్రతినిధిగా నిలిచింది. 108 సంవత్సరాలు జీవించిన ఈమె స్త్రీల ఓటుహక్కు, పేదల పారిశుద్ధ్యం, ఖైదీల హక్కులు మొదలైన విషయాలలో కూడా కృషి చేసింది.

బాల్యము, విద్య

మార్జరీ మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్ నగరంలో 1890 ఏప్రిల్ 7న జన్మించింది. తండ్రి ఫ్రాంక్ బ్రయంట్ స్టోన్‌మన్. తల్లి లిలియన్ ట్రెఫెథెన్ వయొలిన్ విద్వాంసురాలు. వారికి ఈమె ఏకైక సంతానం. చిన్ననాడు తండ్రి లాంగ్‌ఫెలో రచించిన హయవాథా కావ్యం చదివి వినిపిస్తుండగా, పడవ చేయడానికి ఒక చెట్టు తన బెరడును ఇవ్వవలసి వచ్చిన ఘట్టంలో ఈమె వెక్కి వెక్కి ఏడ్చిందట. నాలుగేళ్ళ వయసులో తల్లిదండ్రులతో మొదటిసారి ఫ్లోరిడా వెళ్ళినపుడు టాంపాలోని ఒక హోటలు ఆవరణలో చెట్టు నుండి నారింజ పండు కోసుకోవడం ఈమెకు జీవితాంతం గుర్తుండిపోయింది.

మార్జరీకి ఆరేళ్ళ వయసులో తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి కూతురిని తీసుకొని మసాచుసెట్స్ రాష్ట్రంలోని టాంటన్‌లో ఉన్న పుట్టింటికి చేరింది. తల్లి మానసిక వ్యాధికి గురై కొంతకాలం చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది. అమ్మమ్మ, పిన్ని సంరక్షణలో పెరిగిన మార్జరీ ఎక్కువ సమయం పుస్తకాలతోనే గడిపేది. స్త్రీల విద్యకు పేరొందిన వెల్స్‌లీ కళాశాలలో చేరి 1912లో ఆంగ్ల సాహిత్యంలో పట్టభద్రురాలైంది. అక్కడ ఉపన్యాస కళలో శిక్షణ పొందింది. స్త్రీల ఓటుహక్కును కోరే విద్యార్థినుల సంఘంలో పనిచేసింది. పట్టం పుచ్చుకున్న కొద్దికాలానికే తల్లి క్యాన్సరు వ్యాధితో మరణించింది.

1914లో తనకంటే సుమారు 30 ఏళ్ళు పెద్దవాడైన కెన్నెత్ డగ్లస్‌ను వివాహం చేసుకుంది. అతడు మోసగాడని త్వరలోనే తేలింది. ఆ సంసారం నుండి బయటపడి, 1915లో ఫ్లోరిడాలోని మయామీ నగరంలో ఉన్న తండ్రి వద్దకు చేరుకుంది. తండ్రీకూతుళ్ళు కలుసుకోవడం చాలా ఏళ్ళ తరువాత అదే మొదటిసారి. ఈమె మరల వివాహం చేసుకోలేదు.

పాత్రికేయ జీవితం

మార్జరీ వచ్చేనాటికి మయామీ ఒక చిన్న పట్టణం. తండ్రి ఫ్రాంక్ స్టోన్‌మన్ అక్కడ నెలకొల్పిన పత్రిక తరువాత "మయామీ హెరాల్డ్"గా మారింది. ఎవర్‌గ్లేడ్స్ నీటిని కాలువల ద్వారా సముద్రంలోకి మళ్ళించి, ఆ నేలను సాగులోకి తేవాలని అప్పటి గవర్నరు నెపోలియన్ బోనపార్ట్ బ్రోవార్డ్ పథకం ప్రారంభించగా, స్టోన్‌మన్ తన పత్రికలో దానిని గట్టిగా వ్యతిరేకించాడు. అందుకు ఆగ్రహించిన గవర్నరు, స్టోన్‌మన్ న్యాయమూర్తిగా ఎన్నికైనా ఆ ఎన్నికను ధ్రువీకరించలేదు. ఎవర్‌గ్లేడ్స్‌ను గురించి మార్జరీకి కలిగిన తొలి అవగాహన తండ్రి నడిపిన ఈ పోరాటం నుండి వచ్చినదే.

మొదట ఈమె పత్రికలో విందులు, వివాహాలు మొదలైన సాంఘిక వార్తలు రాసేది. నౌకాదళంలో చేరబోతున్న తొలి స్థానిక మహిళ గురించి వార్త రాయడానికి వెళ్ళి, తానే ఆ దళంలో చేరింది. దళంలోని కార్యాలయ ఉద్యోగం ఈమెకు నచ్చలేదు. అక్కడి నుండి బయటపడి రెడ్‌క్రాస్ తరఫున ప్యారిస్ వెళ్ళి, మొదటి ప్రపంచ యుద్ధంలో నిరాశ్రయులైన వారికి సేవ చేసింది. 1920లో మయామీకి తిరిగివచ్చి హెరాల్డ్ పత్రికలో సహాయ సంపాదకురాలైంది. "ది గ్యాలీ" అనే శీర్షికను నిర్వహించి మంచి పేరు పొందింది. 1923లో ఉద్యోగం మానివేసి స్వతంత్ర రచయిత్రిగా స్థిరపడింది. ఈమె కథలు సుమారు 40 వరకు "సాటర్డే ఈవెనింగ్ పోస్ట్" పత్రికలో వెలువడ్డాయి. ఈకల కోసం కొంగలను వేటాడేవారి చేతిలో 1905లో హతుడైన పక్షి సంరక్షకుడు గై బ్రాడ్లీ ఉదంతం ఆధారంగా 1930లో రాసిన "ప్లూమ్స్" (ఈకలు) అనే కథ వాటిలో ప్రసిద్ధమైనది.

సాంఘిక సేవ

1917లో డగ్లస్ మరికొందరు మహిళలతో కలిసి రాష్ట్ర రాజధాని టలహాసీకి వెళ్ళి, స్త్రీల ఓటుహక్కును సమర్థించాలని శాసనసభ్యులను కోరింది. సభ్యులు ఆ మాటలను పట్టించుకోలేదు. స్త్రీలకు ఓటుహక్కు కల్పించిన రాజ్యాంగ సవరణను ఫ్లోరిడా శాసనసభ 1969లో గాని ఆమోదించలేదు.

ఆ కాలంలో ఖైదీలను కాంట్రాక్టర్లకు అద్దెకిచ్చే పద్ధతి ఫ్లోరిడాలో ఉండేది. ఉత్తర డకోటాకు చెందిన మార్టిన్ టాబర్ట్ అనే యువకుడు చిన్న నేరానికి శిక్షపడి, ఒక కలప కంపెనీ శిబిరంలో కొరడా దెబ్బలకు మరణించాడు. దీనిపై 1923లో డగ్లస్ రాసిన కవిత విస్తృత ప్రచారం పొందింది. అదే సంవత్సరం శాసనసభ ఖైదీలను కొరడాతో కొట్టడాన్ని నిషేధించింది. తన రచనలన్నింటిలో ఎక్కువ ప్రయోజనం సాధించినది ఈ కవితేనని ఈమె వృద్ధాప్యంలో అభిప్రాయపడింది.

1920లలో పేద పసిపిల్లలకు పాలు అందించే నిధిని నడిపింది. ఈమె నివసించిన కోకనట్ గ్రోవ్ ప్రాంతంలోని నల్లజాతివారి పేటలో మంచినీటి కుళాయిలు, మురుగు పారుదల లేవని తెలిసి, 1948 ప్రాంతంలో ఎలిజబెత్ విరిక్ మొదలైనవారితో కలిసి ఉద్యమించింది. మయామీలోని ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి, స్నానపు సౌకర్యం ఉండాలనే నిబంధన వచ్చేవరకు ఆ బృందం విశ్రమించలేదు.

ఎవర్‌గ్లేడ్స్ స్వరూపం

డగ్లస్ కృషిని అర్థం చేసుకోవడానికి ఎవర్‌గ్లేడ్స్ స్వభావాన్ని కొంత తెలుసుకోవడం అవసరం. మధ్య ఫ్లోరిడాలో కురిసిన వర్షపు నీరు కిసిమ్మీ నది ద్వారా ఓకీచోబీ సరస్సును చేరుతుంది. పూర్వం వర్షాకాలంలో ఈ సరస్సు నిండి, దక్షిణపు ఒడ్డు మీదుగా పొర్లి ప్రవహించేది. ఆ నీరు సుమారు 100 కిలోమీటర్ల వెడల్పు, 160 కిలోమీటర్ల పొడవు గల మైదానం మీద పలుచని పొరగా పరచుకొని, మెల్లమెల్లగా ఫ్లోరిడా అఖాతం వైపు సాగేది. నేల వాలు మైలుకు రెండు మూడు అంగుళాలే కావడంతో ఈ ప్రవాహం కంటికి కనిపించనంత నెమ్మదిగా ఉండేది. నీటి నిండా రంపపు అంచుల ఆకులు గల తుంగ, మధ్యమధ్య చెట్లతో కూడిన దిబ్బలు, సముద్రతీరాన మడ అడవులు ఉంటాయి. కొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు, తెడ్డుమూతి కొంగలు, నీటి నత్తలను మాత్రమే తిని బ్రతికే ఒక జాతి గద్ద, ఫ్లోరిడా పాంథర్ మొదలైనవాటికి ఇది నెలవు. ఎలిగేటర్లు, మొసళ్ళు రెండూ సహజంగా కలిసి జీవించే ప్రదేశం ప్రపంచంలో ఇదొక్కటే.

ఇటువంటి ప్రాంతాన్ని ఆనాటి పాలకులు, భూవ్యాపారులు దోమలతో నిండిన పనికిరాని బురదనేలగా భావించారు. కాలువలు త్రవ్వి నీటిని వదిలించుకోవడమే అభివృద్ధి అని నమ్మారు.

జాతీయ వనం కొరకు కృషి

ఎవర్‌గ్లేడ్స్‌లో కొంత భాగాన్నైనా కాపాడాలనే ప్రయత్నం స్థానిక మహిళల సంఘాలతో మొదలైంది. మే మాన్ జెన్నింగ్స్ నాయకత్వంలోని ఫ్లోరిడా మహిళా సంఘాల సమాఖ్య 1916లో రాయల్ పామ్ అనే పేరుతో ఒక వనాన్ని ఏర్పాటు చేసి, విరాళాలు పోగుచేసుకుంటూ నిర్వహించింది. క్రమంగా 4,000 ఎకరాలకు పెరిగిన ఈ వనమే తరువాతి జాతీయ వనానికి బీజమైంది.

1920ల చివరలో ఎర్నెస్ట్ కో అనే ఉద్యానశిల్పి ఎవర్‌గ్లేడ్స్‌ను జాతీయ వనంగా ప్రకటించాలని ఉద్యమం ప్రారంభించాడు. ఆ సంఘంలో ప్రముఖ వృక్షశాస్త్రజ్ఞుడు డేవిడ్ ఫెయిర్‌చైల్డ్‌తో పాటు డగ్లస్ కూడా సభ్యురాలైంది. 1934లో అమెరికా కాంగ్రెస్ ఇందుకు అనుమతించినా, భూసేకరణ వలన చాలా ఆలస్యం జరిగింది. చివరకు 1947 డిసెంబరు 6న అధ్యక్షుడు హారీ ట్రూమన్ సుమారు 4,60,000 ఎకరాలతో ఎవర్‌గ్లేడ్స్ జాతీయ వనాన్ని ప్రారంభించాడు. ఇది కో ప్రతిపాదించిన విస్తీర్ణంలో కొంత మాత్రమే. వనానికి నీరందించే ఎగువ ప్రాంతం దాని సరిహద్దులకు వెలుపల ఉండిపోయింది. తరువాతి తగవులకు ఇదే మూలకారణం.

"గడ్డి నది" గ్రంథం

1940ల ప్రారంభంలో "రివర్స్ ఆఫ్ అమెరికా" (అమెరికా నదులు) అనే గ్రంథమాలకు మయామీ నదిని గురించి రాయమని సంపాదకుడు హెర్వీ అలెన్ డగ్లస్‌ను కోరాడు. మయామీ నది చాలా చిన్నది. దానికి బదులు ఆ నదికి నీరిచ్చే ఎవర్‌గ్లేడ్స్ గురించి రాస్తానని ఈమె సూచించింది. ఆ ప్రాంతపు భూగర్భ జలాలను పరిశోధిస్తున్న గారల్డ్ పార్కర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడిని కలిసి అనేక విషయాలు తెలుసుకుంది. దక్షిణ ఫ్లోరిడా నగరాలు త్రాగే నీరు సున్నపురాతి పొరలలో నిలువ ఉంటుందని, ఆ నిలువలకు నీరందేది ఎవర్‌గ్లేడ్స్ నుండేనని అతని పరిశోధనలు తెలిపాయి. ఎవర్‌గ్లేడ్స్ కదలని బురద కాదని, గడ్డి మధ్యగా ప్రవహించే నది అని పిలువవచ్చునా అని అడిగి, అతడు ఒప్పుకున్న తరువాతే ఈమె ఆ పేరును స్వీకరించింది.

సుమారు ఐదేళ్ళ పరిశ్రమ తరువాత 1947 నవంబరులో వెలువడిన ఈ గ్రంథం మొదటి ముద్రణ ఒక నెలలోనే అమ్ముడుపోయింది. ఇందులో ఆ ప్రాంతపు భూమి, నీరు, వృక్షాలు, జంతువుల వర్ణనతో పాటు ఆదివాసుల చరిత్ర, స్పెయిన్‌వారి రాక, సెమినోల్ యుద్ధాలు, కాలువల త్రవ్వకం వరకు విషయాలున్నాయి. కాలువల వలన నీరు తగ్గి, ఎండిన నేల తగులబడుతున్నదని, బావులలోకి ఉప్పునీరు చొచ్చుకొని వస్తున్నదని చివరి అధ్యాయంలో హెచ్చరించింది.

కాలువలు, కరకట్టలు

గ్రంథం వెలువడిన సంవత్సరమే తుఫానుల వలన దక్షిణ ఫ్లోరిడా వరదలలో మునిగింది. దానితో 1948లో సైనిక ఇంజనీర్ల విభాగం ఒక భారీ వరద నివారణ పథకాన్ని చేపట్టింది. ఎండిపోతున్న ఎవర్‌గ్లేడ్స్‌కు కూడా నీరు వదులుతామని అధికారులు హామీ ఇవ్వడంతో డగ్లస్ తొలుత ఈ పథకాన్ని సమర్థించింది. కాని ఆచరణలో అందుకు విరుద్ధంగా జరిగింది. సుమారు 2,300 కిలోమీటర్ల మేర కాలువలు, కరకట్టలు నిర్మించారు. ఓకీచోబీ సరస్సుకు దక్షిణాన విశాలమైన భూభాగం వ్యవసాయానికి కేటాయించగా, అందులో చెరకు ప్రధాన పంట అయింది. మిగిలిన నీటిని నగరాల, పొలాల అవసరాలకు అనుగుణంగా తలుపులు ఎత్తి దించుతూ వదిలేవారు. 1960ల మొదట్లో జాతీయ వనం నీరు లేక అలమటించింది. వేలాదిగా గూళ్ళు కట్టే నీటిపక్షులు నానాటికీ తగ్గిపోయాయి.

"గడ్డి నది" గ్రంథం పాఠకుల మన్ననలు పొందుతుండగానే నది క్షీణించిపోయింది. ఆ ఇరవై ఏళ్ళలో డగ్లస్ నవలలు, చరిత్ర గ్రంథాలు రాస్తూ గడిపింది.

ఎవర్‌గ్లేడ్స్ మిత్రులు

1968లో మయామీకి పడమరగా, బిగ్ సైప్రస్ చిత్తడి అడవిలో ఆరు రన్‌వేలతో ప్రపంచంలోకెల్లా పెద్ద విమానాశ్రయం నిర్మించే పని ప్రారంభమైంది. సుమారు 100 చదరపు కిలోమీటర్ల ఈ స్థలం జాతీయ వనానికి నీరు వచ్చే దారిలో ఉంది. ఆడుబాన్ పక్షి సంరక్షణ సంఘం ప్రతినిధి జో బ్రౌడర్ దీనిని వ్యతిరేకిస్తూ ఉద్యమం నడుపుతున్నాడు. ఒకనాడు డగ్లస్ కిరాణా దుకాణంలో అతని సహాయకురాలిని కలిసినపుడు మంచి పని చేస్తున్నారని మెచ్చుకొంది. మరి మీరేమి చేస్తున్నారని ఆమె ఎదురు ప్రశ్నించగా, తాను పుస్తకం రాశానని డగ్లస్ బదులిచ్చింది. అది చాలదని ఆ యువతి చెప్పింది. మరుసటి దినం బ్రౌడర్ స్వయంగా ఇంటికి వచ్చి విమానాశ్రయాన్ని ఖండించమని కోరాడు. ఒక వ్యక్తి మాటకంటే ఒక సంస్థ మాటకు విలువ ఎక్కువ ఉంటుందని డగ్లస్ అనగా, అయితే సంస్థను ఆరంభించమని అతడు ప్రోత్సహించాడు. ఈ విధంగా 1969లో ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎవర్‌గ్లేడ్స్ ఏర్పడింది.

సభ్యత్వ రుసుము ఒక డాలరు. సభ్యులుగా చేరడానికి శాస్త్ర పరిజ్ఞానం గాని, పలుకుబడి గాని అవసరం లేదు. పాఠశాలలు, మహిళా సంఘాలు, చర్చిలు, కౌంటీ సమావేశాలు – ఎవరు పిలిచినా వెళ్ళి డగ్లస్ ఉపన్యసించేది. మూడేళ్ళలో సభ్యుల సంఖ్య 3,000కు చేరింది. సంస్థ పనులను సభ్యులే స్వచ్ఛందంగా నిర్వహించేవారు.

విమానాశ్రయానికి వ్యతిరేకంగా ఈ సంస్థతో పాటు ఆ ప్రాంతపు మికసూకీ ఆదివాసులు, వేటగాళ్ళు, ఇతర పర్యావరణ సంఘాలు చేతులు కలిపాయి. వేటగాళ్ళకు, జంతు సంరక్షకులకు సాధారణంగా పొసగదు. అయినా నీరు లేనిదే అడవి నిలువదనే విషయంలో వారందరూ ఏకమయ్యారు. 1969లో భూగర్భ శాస్త్రజ్ఞుడు లూనా లియోపోల్డ్ ఆధ్వర్యంలో తయారైన నివేదిక, ఈ నిర్మాణం దక్షిణ ఫ్లోరిడా జీవావరణాన్ని నాశనం చేస్తుందని తేల్చింది. అధ్యక్షుడు నిక్సన్ ప్రభుత్వం నిధులు నిలిపివేసింది. 1970లో పని ఆగిపోయింది. అప్పటికే పూర్తయిన ఒక రన్‌వే పైలట్ల శిక్షణకు ఉపయోగపడింది. 1974లో ఆ పరిసరాలను బిగ్ సైప్రస్ జాతీయ సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

కిసిమ్మీ నది పునరుద్ధరణ

విమానాశ్రయం ఆగిన తరువాత సంస్థను మూసివేయకుండా, డగ్లస్ నీటి మూలం వైపు దృష్టి మళ్ళించింది. 166 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ ప్రవహించే కిసిమ్మీ నదిని వరద నివారణ పేరిట 1962 – 1971 మధ్య 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా మార్చివేశారు. నది పొడవునా ఉన్న చిత్తడి నేలలు ఎండిపోయాయి. శీతాకాలంలో వలస వచ్చే బాతులు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. పూర్వం గడ్డి మధ్య వడకట్టబడి వచ్చే నీరు, పశువుల దొడ్ల వ్యర్థాలతో సహా నేరుగా ఓకీచోబీ సరస్సులోకి చేరసాగింది.

ఆర్థర్ మార్షల్ అనే జీవావరణ శాస్త్రజ్ఞుడు కిసిమ్మీ నుండి ఫ్లోరిడా అఖాతం వరకు నీటి ప్రవాహమంతా ఒకే వ్యవస్థ అని, ఒక భాగాన్ని చెరిపి మరొక భాగాన్ని కాపాడలేమని వాదించాడు. ఈ శాస్త్ర విషయాన్ని సామాన్యులకు అర్థమయ్యే మాటలలో డగ్లస్ ఊరూరా ప్రచారం చేసింది. నదిని పూర్వస్థితికి తేవాలని 1976లో ఫ్లోరిడా శాసనసభ చట్టం చేసింది. 1992లో అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. పనులు 1999లో, అనగా డగ్లస్ మరణించిన మరుసటి సంవత్సరం, మొదలై 2021లో ముగిశాయి. 35 కిలోమీటర్ల కాలువను పూడ్చి, సుమారు 70 కిలోమీటర్ల నదిని తిరిగి మెలికల దారిలో ప్రవహింపజేశారు. నీటిపక్షులు మరల అక్కడికి చేరుకున్నాయి.

వ్యతిరేకత, వివాదాలు

ఈ పోరాటం అందరి మెప్పునూ పొందలేదు. ఎవర్‌గ్లేడ్స్ తూర్పు అంచున చవకగా స్థలాలు కొనుక్కొని ఇళ్ళు కట్టుకున్నవారు వరద నీటిని తోడివేయాలని కోరేవారు. అది చిత్తడి నేల గనుక అక్కడ ఇళ్ళు కట్టనివ్వడమే తప్పని డగ్లస్ వాదించేది. 1983లో జరిగిన ఒక బహిరంగ విచారణలో ఈమె మాట్లాడుతుండగా సభికులు పెద్దగా కేకలు వేశారు. 93 ఏళ్ళ వృద్ధురాలు ఏ మాత్రం తొణకకుండా, ఇంకా గట్టిగా అరవమని వారినే హుషారు చేసి, తరువాత తాను చెప్పదలచినది పూర్తిగా చెప్పింది. ఆ నివాసులు ధనవంతులు కారు. స్థలాలు అమ్మినవారు లాభాలు తీసుకొని వెళ్ళిపోగా, కొన్నవారు నీటిలో మిగిలారు. ఈ కారణంగా అక్కడి వివాదం చాలాకాలం కొనసాగింది.

చెరకు పొలాల నుండి వచ్చే నీటిలోని భాస్వరం మరొక పెద్ద సమస్య. ఎవర్‌గ్లేడ్స్ మొక్కలు అతి తక్కువ భాస్వరంతో బ్రతకడానికి అలవాటు పడినవి. భాస్వరం పెరిగితే తుంగ స్థానంలో జమ్ము విపరీతంగా పెరిగి నీటిదారులను మూసివేస్తుంది. 1988లో ఈ కాలుష్యంపై కేంద్ర ప్రభుత్వం ఫ్లోరిడా అధికారులపై దావా వేసింది. 1991లో రాష్ట్ర శాసనసభ చేసిన ఎవర్‌గ్లేడ్స్ రక్షణ చట్టానికి డగ్లస్ పేరు పెట్టారు. అయితే 1994లో దానిని సవరించి, శుద్ధి గడువులను పొడిగించి, చెరకు కంపెనీల భారాన్ని తగ్గించారు. ఆ చట్టానికి తన పేరు ఉండరాదని డగ్లస్ పట్టుబట్టింది. ప్రభుత్వం ఆ పేరు తొలగించవలసి వచ్చింది. అప్పటికి ఈమె వయసు 104 సంవత్సరాలు.

వ్యక్తిగత జీవితం

డగ్లస్ 1926 నుండి మరణించే వరకు కోకనట్ గ్రోవ్‌లోని ఒక చిన్న ఇంటిలో నివసించింది. ఆ ఇంటికి ఏసీ సౌకర్యం లేదు. ఈమె కారు నడపడం ఎన్నడూ నేర్చుకోలేదు. వెడల్పు అంచుల టోపీ, నల్ల కళ్ళద్దాలు ధరించి సభలకు వచ్చే ఈమె సన్నని ఆకారం ఫ్లోరిడా ప్రజలకు సుపరిచితం. వయసు పెరిగే కొద్దీ చూపు మందగించి, చివరకు పూర్తిగా పోయింది. అయినా ఇతరుల చేత చదివించుకుంటూ, ప్రకృతి శాస్త్రజ్ఞుడు డబ్ల్యూ.హెచ్. హడ్సన్ జీవితచరిత్ర కొరకు చాలాకాలం శ్రమించింది. ఆ గ్రంథం పూర్తికాలేదు.

ఎవర్‌గ్లేడ్స్ కోసం ఇంతగా శ్రమించినా, డగ్లస్ అక్కడ తరచుగా తిరిగేది కాదు. దోమలు, తేమ, బురద వలన అది మనుషులు విహరించడానికి అనువైన చోటు కాదని నిర్మొహమాటంగా చెప్పేది. ఒక ప్రదేశాన్ని కాపాడడానికి అది మనకు సుఖంగా ఉండనవసరం లేదని, దాని ఉనికి అవసరమైతే చాలునని ఈమె భావించింది.

మరణము, స్మారకాలు

డగ్లస్ 1998 మే 14న తన 108వ ఏట కోకనట్ గ్రోవ్‌లోని స్వగృహంలో మరణించింది. చితాభస్మాన్ని ఎవర్‌గ్లేడ్స్ జాతీయ వనంలో 1997లో ఈమె పేరు పెట్టిన సుమారు 13 లక్షల ఎకరాల అటవీ ప్రాంతంలో చల్లారు. ఈమె ఇంటిని 2015లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించారు. ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో 1990లో ప్రారంభమైన ఉన్నత పాఠశాలకు ఈమె పేరు పెట్టారు. 2018 ఫిబ్రవరి 14న అక్కడ జరిగిన కాల్పులలో 17 మంది మరణించారు. ఆ తరువాత అక్కడి విద్యార్థులు తుపాకుల నియంత్రణ కోరుతూ దేశవ్యాప్త ఉద్యమం నడిపినపుడు డగ్లస్ పేరు మరల వార్తలలోకి వచ్చింది.

తరువాతి పరిణామాలు

2000 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం ఎవర్‌గ్లేడ్స్ సమగ్ర పునరుద్ధరణ పథకాన్ని ఆమోదించింది. అడ్డుకట్టలు తొలగించి, జలాశయాలు నిర్మించి, నీటిని తిరిగి దక్షిణ దిశగా ప్రవహింపజేయడం దీని లక్ష్యం. దశాబ్దాల తరబడి సాగే ఈ పథకం నత్తనడక నడుస్తున్నదనే విమర్శ ఉన్నది. 2025లో, 1970లో ఆగిపోయిన విమానాశ్రయపు రన్‌వే వద్దనే ఫ్లోరిడా ప్రభుత్వం వలసదారుల నిర్బంధ కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. పర్యావరణ ప్రభావాన్ని పరిశీలించకుండా నిర్మించారంటూ ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎవర్‌గ్లేడ్స్ మరొక సంస్థతో కలిసి న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. మికసూకీ ఆదివాసులు కూడా ఆ దావాలో చేరారు. ఏ స్థలాన్ని కాపాడడానికి డగ్లస్ సంస్థను స్థాపించిందో, 56 ఏళ్ళ తరువాత అదే స్థలం కోసం ఆ సంస్థ మరల పోరాడవలసి వచ్చింది.

పురస్కారాలు, గౌరవాలు

అధ్యక్షుడు బిల్ క్లింటన్ చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ (1993). ఈ పతకాన్ని డగ్లస్ తాను చదివిన వెల్స్‌లీ కళాశాలకు బహూకరించింది.
జాతీయ మహిళా కీర్తి మందిరంలో స్థానం (2000, మరణానంతరం).

ముఖ్య రచనలు

ది ఎవర్‌గ్లేడ్స్: రివర్ ఆఫ్ గ్రాస్ (1947)
రోడ్ టు ది సన్ (1952) – నవల
హరికేన్ (1958) – తుఫానుల చరిత్ర
ఆలిగేటర్ క్రాసింగ్ (1959) – బాలల నవల
ఫ్లోరిడా: ది లాంగ్ ఫ్రాంటియర్ (1967) – చరిత్ర
వాయిస్ ఆఫ్ ది రివర్ (1987) – ఆత్మకథ, జాన్ రాత్‌చైల్డ్ సహకారంతో